కరగమంటే కరగని సంచి

అనగనగా, అన్నీ మొక్కల తోటలే ఉండే ఒక ఊళ్ళో మంగతాయారు అనే ఆవిడ మొక్కలు పెంచి అమ్ముతూ ఉండేదిరా కన్నా. ఆవిడ తోటలో సంపెంగ పువ్వు వాసన పీలిస్తే ముసలాళ్ళకి మళ్ళీ పళ్ళొచ్చేవి.

ఏం లాభం? కొన్నవాళ్ళు నల్ల ప్లాస్టిక్ సంచి విప్పకుండానే మొక్కని గోతిలో దింపేసేవారు. వేళ్ళు బయటికి పోలేక లోపలే చుట్టలు చుట్టుకునేవి. మొక్క చచ్చేది. అప్పుడు "మీ మొక్కే మంచిది కాదమ్మా" అని పోట్లాటకొచ్చేవారు. సంచి విప్పండని చెప్పీ చెప్పీ ఆవిడ నాలుక మూరెడు అరిగిపోయింది. ఇంకో ఏడాది ఇలాగే సాగితే తోట మూసుకోవడమే.

ఆవిడ మేనకోడలు సువర్చల పట్నంలో ప్లాస్టిక్కుల చదువు చదివింది. "అత్తా, మట్టిలో కలిసిపోయే సంచి చేసిస్తాను" అంది.

"చెయ్యి తల్లీ, నేను మట్టిలో కలిసేలోపు చెయ్యి."

అప్పుడు సువర్చల మొక్కజొన్న పిండిలోని తీపిని పులియబెట్టి ఒక సంచి చేసింది. అద్దంలా మెరిసింది. "ఇదీ పాలిస్టరే అత్తా, నీ చీరకి చుట్టం" అంది. "అయితే చచ్చినా చిరగదు" అని మంగతాయారు మట్టి పోసి కూరింది. అప్పడంలా ఫటేల్మంది. ఆ పెంకులు ఏరేసరికి ఆవిడ నడుం విల్లులా వంగిపోయింది.

ఆ తర్వాత దానికే మెత్తదనం కలిపి ఇంకో సంచి చేసింది. ఇది పగల్లేదు. కానీ పాతిపెట్టి ఆర్నెల్లయినా చెక్కు చెదరలేదు. "దీనికి ఎరువుకుప్పలో ఉండే సెగ కావాలత్తా, చల్లటి మట్టి చాలదు" అంది సువర్చల.

"అయితే సంపెంగకి రోజూ వేణ్ణీళ్ళు పోయనా?"

ఆ తర్వాత సువర్చల కంటికి కనబడని సూక్ష్మజీవుల్ని పెంచింది. మిగతా తిండి తగ్గించి, బెల్లప్పాకం మాత్రం కుండలకొద్దీ పోసింది. అవి పెళ్ళింట్లో వియ్యపురాళ్ళలా ఒళ్ళు చేశాయి. ఆ ఒంట్లో పేరుకున్న కొవ్వే పాలిస్టరు. దాన్ని తీసి మూడో సంచి చేసింది. "మట్టిలో ఉండే వీటి చుట్టాలే దీన్ని తినేస్తాయి. నాలుగు నెలలు ఓపిక పట్టత్తా" అంది.

ఓపికా? మంగతాయారు దగ్గరా? సంచితో సహా మొక్క నాటింది. మూడో రోజు పీకి చూసింది. సంచి అలాగే ఉంది. పదో రోజు పీకి చూసింది. అలాగే ఉంది. ఇరవయ్యో రోజు పీకేసరికి మొక్క తల వాల్చేసింది.

"దీన్ని చంపింది సంచి కాదత్తా, నువ్వే" అని సువర్చల తల పట్టుకుంది. అలాంటి సంచితోనే ఇంకో మొక్క నాటి, చుట్టూ ముళ్ళకంచె కట్టి, తాళమేసి, తాళంచెవి పట్నానికి పట్టుకుపోయింది.

ఆ కంచె చుట్టూ మంగతాయారు తిరిగిన తిరుగుడికి అక్కడ లారీ పట్టేంత బాట పడింది.

నాలుగు నెలలకి సువర్చల వచ్చి తాళం తీసింది. మంగతాయారు మొక్క మొదలు పట్టుకుని లాగింది. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగింది. రాలేదు. మూడోసారి లాగి, తనే వెల్లకిలా పడింది. సువర్చల పక్కన మట్టి తవ్వి చూపించింది. సంచి పీలికలైపోయింది. వాటి మధ్య నుంచి వేళ్ళు నాలుగు వైపులా పాకిపోయాయి.

మంగతాయారు పడ్డచోటనే పడుకుని ఆ వేళ్ళకేసి చూసింది. "ఇలాంటివి పదివేలు చెయ్యి" అంది. "ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం నాకు చెప్పకు."

సంచి మట్టికి, కథ కంచికి,
నువ్వు పక్కకి, నేను కునుక్కి.