సుంకమ్మ గంప

ఆకాశంలో గద్దలు తప్ప వేరేవి ఎగరని కాలం పోయి, విమానాలు వచ్చిన కొత్తలో, ఒక ఎర్రమట్టి సీమలో సుంకమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకు అరెకరం చేను, చేలో ఒక బావి.

ఎక్కడో యుద్ధం వచ్చింది. విమానాలు దిగడానికి దొరలకు చదును నేల కావాల్సి వచ్చింది. చేను పోయింది, బావి పూడింది. సుంకమ్మ ఆ నేల మీదే రాళ్లేరే కూలికి కుదిరింది. పొద్దున్నే గంప చంకనబెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది.

బావిని దేనితో పూడ్చారో ఆమె కళ్లారా చూసింది. మేస్త్రీ ఓబుళప్ప కంప, చొప్ప నింపించి పైన మట్టి కప్పించాడు. బావికని వచ్చిన రాళ్లు అతని కొత్త ఇంటి పునాదిలోకి పోయాయి.

మొదట చిన్న విమానాల దళం వచ్చింది. వాన పడింది.

"ఆడ బాయుండాది సామీ" అంది సుంకమ్మ.

"బాయి నిన్నటి మాటమ్మే. ఇప్పుడది నేల" అన్నాడు ఓబుళప్ప.

విమానాలు తేలిక. ఏమీ కాలేదు. ఆ దళం వెళ్లిపోయింది.

రెండోసారి కాస్త పెద్దవి వచ్చాయి. వాన పడింది.

"ఆడ బాయుండాది సామీ."

"బాయి నిన్నటి మాటమ్మే. ఇప్పుడది నేల."

ఒక విమానం చక్రం మోకాలి లోతు దిగబడింది. నడిపినవాడికి చెయ్యి విరిగింది. తప్పు అతనిదేనన్నారు. ఓబుళప్ప పైన ఇంకాస్త మట్టి పోయించాడు. ఆ దళమూ వెళ్లిపోయింది.

మూడోసారి బాంబులు మోసే విమానాలు వచ్చాయి. సుంకమ్మ ఈసారి గంపకు సున్నం పూసి బావి మీద బోర్లించింది. ఓబుళప్ప దాన్ని తన్నాడు.

"ఇంకోసారి ఇది ఈడ కనపడితే నీకు కూలి లేదు. నీ పొయ్యిలో పిల్లి పడుకుంటాది, చూసుకో."

"అది ఎప్పుడో పడుకుండాది సామీ. అలవాటే."

ఆ మధ్యాహ్నమే వాన పట్టుకుంది. వెళ్లిన విమానాలు బాంబులు వేయకుండానే వెనక్కి తిరిగాయి. మొదటిది దిగుతోంది. సుంకమ్మ గంప తెచ్చి నెత్తిన బోర్లించుకుని బావి మీద కూర్చుంది. వానలో తెల్లగా ఏదో కనబడి, నడిపేవాడు విమానాన్ని పక్కకు జరిపి దించాడు. వెనకవి కూడా అలాగే దిగాయి.

పెద్ద దొర తడుస్తూ వచ్చాడు. అక్కడెందుకు కూర్చుందని దుబాసీతో అడిగించాడు.

"ఈడ బాయుండాది దొరా" అంది.

దొర ఇనుప కడ్డీ తెప్పించి అక్కడ గుచ్చాడు. నిలువెత్తు కడ్డీ పిడిదాకా దిగిపోయింది. అతను ఓబుళప్ప వైపు చూశాడు. ఓబుళప్పకు నిన్నటి మాట ఏదీ గుర్తు రాలేదు.

పునాది రాళ్లు బండ్లెక్కి వెనక్కి వచ్చాయి. బావి గట్టిపడింది. అయినా వాన పడితే, గంప కనబడందే విమానాలు నడిపేవాళ్లు దిగడానికి ఒప్పుకునేవాళ్లు కాదు. సుంకమ్మ ఒక ఎండాకాలం మామూలు జ్వరంతో పోయింది. తొలకరికి దళంవాళ్లే గంపకు సున్నం పూసి పెట్టారు. వాళ్లు పోతూ పోతూ తర్వాత వచ్చిన దళానికి చెప్పారు, వాళ్లు ఆ తర్వాతివాళ్లకు చెప్పారు.

ఇప్పుడక్కడ విమానాలు లేవు. వేరుశనక్కాయలు ఆరబోస్తారు. తొలకరి చినుకు పడగానే మాత్రం ఎవరో ఒకరు పోయి తెల్లగంప బోర్లించి వస్తారు. ఆ చుట్టుపక్కల ఎవరైనా సరే, పని అంతా గట్టిగా చేశాం, ఇక భయం లేదని చెబితే, వినేవాళ్లు ఒకటే అడుగుతారు.

"సుంకమ్మ గంప పెట్టినారా?"