విలన్ కోటిలింగం కన్నీళ్లు

తాడేపల్లిగూడెంలో కోటిలింగం అనే నాటకాల విలన్ ఉండేవాడు; ఎవరైనా తనను చెడ్డవాడంటే మాత్రం తట్టుకోలేకపోయేవాడు.

ఒక నాటకంలో అతనిది కూతురి చేత బడి మాన్పించి, పుస్తకాలు చింపేసే తండ్రి వేషం. ఆట చూసిన కిరాణా కొట్టు సూరమ్మ మొహం మీదే అడిగింది.

"పసిదాని పుస్తకాలు చించడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా?"

"అది నాటకమమ్మా!"

"అయితే మాత్రం? చించింది నువ్వేగా!"

కోటిలింగం మనసు చివుక్కుమంది. ఆ తర్వాత పక్క ఊళ్లో రెండు రోజులు ఆడాల్సి వచ్చింది. మొదటి రోజు అతను పుస్తకాలు చింపుతూ బోరున ఏడ్చాడు. "నాకూ బాధగానే ఉందమ్మా! అంతా నీ మంచికే" అని సొంత మాటలు కలిపాడు. అబద్ధం ఎందుకు, ఏడుపు బాగా పండింది. జనం కళ్లొత్తుకున్నారు. ఒకటే చప్పట్లు.

ఆట అయ్యాక ఒక ముసలమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది.

"దేవుడిలాంటి తండ్రివి బాబూ! మా వాడు దీన్ని బడి మాన్పిస్తానంటే ఒకటే ఏడుపు. చూశావటే? ఏ తండ్రయినా పిల్ల మంచికే చేస్తాడు."

ఆ పిల్ల తల వంచుకుంది.

కూతురి వేషం వేసే కామాక్షి మండిపడింది. "మంచివాడివి అనిపించుకున్నావుగా బాబాయ్! ఇక హాయిగా పడుకో. ఆ పిల్ల చదువు పోతే నీకేం?"

కోటిలింగానికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు నాటకం పెట్టించిన పెద్దమనిషి వచ్చాడు. "ఆ ఏడుపు ఉండాల్సిందే. లేకపోతే మా ఊళ్లో మీ నాటకం మళ్లీ ఆడనివ్వం."

"ఆడనివ్వకండి" అన్నాడు కోటిలింగం. "ఇవాళ మాత్రం నేను ఏడవను."

మనవరాలికి బుద్ధి రావాలని ముసలమ్మ ఆ పిల్లను మళ్లీ తీసుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. కోటిలింగం నవ్వుతూ, తాపీగా, ఒక్కొక్క పుస్తకమే చింపాడు. ముసలమ్మ లేచి నిలబడింది.

"నీ చేతులు పడిపోనూ! చదువుకునే పిల్ల ఉసురు పోసుకుంటావురా?"

మనవరాలు ఆమె కొంగు పట్టుకుంది. "నాన్నను కూడా ఇలాగే తిట్టు నానమ్మా."

ముసలమ్మ గతుక్కుమంది. కాసేపు ఆ పిల్ల మొహంలోకే చూసింది. "తిడతా. ఇంటికెళ్లగానే తిడతా" అంది, హాలంతా వినబడేలా.

కోటిలింగం ఇంకో పుస్తకం అందుకున్నాడు.

మంచివాళ్లం అనిపించుకోవడం కోసం చెడ్డపనిని మంచిపనిలా చూపించకూడదు.