పైడయ్య గారింట ఒకే గిన్నె పాస్తా

అనకాపల్లిలో మా వీధి మొత్తానికి తెలివైన ఇల్లు ఏదంటే పైడయ్య గారిల్లు. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అన్నారు. పక్కింటి దాన్ని గనక నేను రోజుకి రెండుసార్లయినా విని తీరాలి. పైడయ్య బెల్లం మార్కెట్లో ముప్పయ్యేళ్ళు తూకం వేసి రిటైరయ్యాడు. కొడుకు సింహాద్రి జిరాక్సు షాపు నడుపుతాడు, ఉన్నది ఉన్నట్టు తీయడమే వాడి పని. ఇంటావిడ గౌరమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. "చెప్పింది చెప్పినట్టు చేస్తే తప్పెక్కడొస్తుంది వదినా? లోకంలో జనం సొంత తెలివి వాడి చెడిపోతున్నారు" అంటుంది నాతో, గోడ మీద గడ్డం ఆనించి. నేనేమంటాను. అవునంటాను.

చెప్పింది చెప్పినట్టు ఎంతలా చేస్తారంటే, మూణ్ణెల్ల కిందట సింహాద్రి పెళ్ళిలో ఎవరో ముసలావిడ గౌరమ్మతో, కోడలొచ్చింది, ఇంక నువ్వు పొయ్యి దగ్గరకి వెళ్ళక్కర్లేదు అంది. అంతే. ఆ రోజు నుంచి ఈవిడ పొయ్యికి ఆరడుగుల దూరంలో ఆగిపోయింది. పాలు పొంగుతున్నా అక్కడే నిలబడి, పొంగుతున్నాయి పొంగుతున్నాయి అని కబురు చెప్పేదే తప్ప అడుగు ముందుకి వేసేది కాదు.

దాంతో చావొచ్చింది కోడలికి. హైమ అని, బంగారంలాంటి పిల్ల. విశాఖపట్నంలో ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే వంట చేసి ఏడింటి రైలెక్కాలి, రాత్రి ఏడున్నరకి దిగి మళ్ళీ వంట చెయ్యాలి. పాపం, మూణ్ణెల్లకే సగమైపోయింది. ఆఫీసులో ఎవరో స్నేహితురాలు, నా గదిలో చోటుంది, వచ్చి ఉండు, శనాదివారాలు మీ ఇంటికి వెళ్దువుగాని అందట. గురువారంలోగా ఏ సంగతో చెప్పాలి. మంగళవారం రాత్రి హైమ ఇంట్లో ఈ మాట బయటపెట్టి ఏడ్చేసింది. నాకు మిమ్మల్ని వదిలి వెళ్ళాలని లేదు అత్తయ్యా, కానీ ఒళ్ళు సహకరించట్లేదు, ఒక్క పూటైనా ఇంటికొచ్చేసరికి వేడిగా ఏదైనా ఉంటే ఎలాగో నెట్టుకొస్తాను అంది.

గౌరమ్మకి ఆ పిల్లంటే ప్రాణం. ఆడపిల్లలు లేని ఇల్లాయె. నేను వండుతాను తల్లీ, కానీ పొయ్యి దగ్గరకి వెళ్ళక్కర్లేదన్నారు కదా అంది బెంగగా. అప్పుడు తెలిసింది హైమకి అసలు సంగతి. వెళ్ళండి అత్తయ్యా, నేను చెప్తున్నా, వెళ్ళండి అంది. ఏం తినాలనుందమ్మా అని పైడయ్య అడిగితే, హాస్టల్లో ఉన్నప్పుడు చేసుకునేవాళ్ళం మావయ్యా, చికెన్ వేసి, కారంకారంగా, క్రీమ్ కలిపి పాస్తా, ఎంతో తేలిక, అన్నీ ఒకే గిన్నెలో అయిపోతాయి అంది. బుధవారం పొద్దున్న ఆ పద్ధతంతా కాగితం మీద రాసిపెట్టి, పాస్తా ప్యాకెట్టూ క్రీమ్ ప్యాకెట్టూ ఫ్రిజ్‌లో ఉన్నాయని చెప్పి, రైలుకి పరుగెత్తింది.

సాయంత్రం నాలుగింటికి షాపు మూసేసి సింహాద్రి చికెన్ తెచ్చాడు. కాగితం చదివాడు. మొదటి వాక్యం, ఒకే గిన్నె చాలు, ఇంకో గిన్నె ముట్టుకోనక్కర్లేదు అని. ఇంకేముంది. ఇంట్లో ఇంకో గిన్నె ఉంటే కదా ముట్టుకునే ప్రమాదం అని, ఉన్న గిన్నెలన్నీ గోనెల్లో కట్టి నా వరండాలో తెచ్చి పడేశారు. ఏది గిన్నె, ఏది కాదు అన్న దగ్గర కాస్త తర్జనభర్జన జరిగింది. నీళ్ళు నిలిస్తే గిన్నె అని పైడయ్య తీర్పు చెప్పాడు. పళ్ళేల్లో నీళ్ళు నిలిచాయి, పళ్ళేలొచ్చాయి. గ్లాసులొచ్చాయి. గరిటెలో కూడా కాసిని నిలిచాయి, అదీ వచ్చింది. బకెట్టూ చెంబూ సరేసరి. సింహాద్రి బూట్లలో నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదట, అవి కూడా గిన్నెల జాబితాలోకి ఎక్కి నా ఇంటికొచ్చాయి.

మరి మిగిలిన ఆ ఒక్క గిన్నె ఏదయ్యా అంటే, గృహప్రవేశంలో యాభైమందికి పులిహోర కలిపిన గుండిగ. చిన్నదైతే చాలక రెండోది కావాల్సొస్తుంది, పెద్దదైతే ఆ బాధ లేదు కదా వదినా అని గౌరమ్మ నాకు విడమర్చి చెప్పింది. గరిటె లేదు గనక కలపడానికి కవ్వం తీసుకున్నారు. కవ్వంలో నీళ్ళు నిలవవు.

గుండిగ పొయ్యెక్కింది. నూనె పడింది, ఉల్లిపాయలు పడ్డాయి, చికెన్ పడింది. రంగు మారేదాకా వేయించాలి అని ఉంది కాగితంలో. ముగ్గురూ గుండిగలోకి తొంగిచూస్తూ నిలబడ్డారు. మారిందని ఒకరు, మారలేదని ఒకరు. చీకటి పడుతోంది, సరిగ్గా కనపడట్లేదని పైడయ్య ట్యూబ్‌లైటు వేశాడు. అంతే, ఒక్క క్షణంలో చికెన్ రంగు మారిపోయింది. చూశావా, లైటు వెయ్యక ఇంతసేపు గ్యాసు దండగ చేశాం అని గౌరమ్మ మొగుణ్ణి మెచ్చుకుంది. ముక్క సగం పచ్చిగా ఉంది. ఉంటే ఉంది, ఉడకాలని ఆ వాక్యంలో రాయలేదు కదా.

తర్వాత కారం. మీకు సరిపడా కారం వెయ్యండి అని రాసిందా పిల్ల. గౌరమ్మ తనకి సరిపడా వేసింది. పైడయ్య వచ్చి, నీకు సరిపడా వేశావు సరే, నాకో అని తన వంతు వేశాడు. ఆయన తినే కారం మన ఇంట్లో వారానికొస్తుంది. సింహాద్రి తన వంతు వేశాడు. హైమ ఊళ్ళో లేకపోతే మాత్రం ఆమె వాటా ఎగ్గొడతామా అని దానికీ వేశారు. పాపం ఆకలితో వస్తుందని ఇంకో పిడికెడు ముద్దుగా వేశారు. నా ఇంట్లో నేను తుమ్మడం మొదలుపెట్టింది అప్పుడే.

ఆ తర్వాత మూడు గ్లాసుల నీళ్ళు పొయ్యాలి. గ్లాసు నా ఇంట్లో ఉంది. వచ్చి అడిగితే ఇవ్వనా? కానీ అది ఇంకో గిన్నె. అప్పుడు సింహాద్రికి ఒక ఆలోచన తట్టింది. ఆ ఆలోచన గురించి వాడిప్పటికీ చెప్పుకుంటాడు. నాన్న దాహమేస్తే సరిగ్గా మూడు గ్లాసులు తాగుతాడు కదా, నాన్నని కుళాయి దగ్గర తాగనిచ్చి, ఎంతసేపు పట్టిందో లెక్కపెడితే సరి. పైడయ్య పెరట్లో కుళాయి కింద నోరు పెట్టాడు. ఆయనది నెమ్మదైన తాగుడు, మధ్యలో ఊపిరి తీసుకుని, మెటికలు విరుచుకుని, మళ్ళీ తాగుతాడు. సింహాద్రి నూట ఎనభై దాకా లెక్కపెట్టాడు. తర్వాత తండ్రీ కొడుకులు పాత పంచె చుట్టి ఆ కాలే గుండిగని పెరట్లోకి మోసి, కుళాయి పూర్తిగా తిప్పి, నూట ఎనభై లెక్కపెట్టారు.

గుండిగ నిండింది. తిరిగి మోయడానికి నన్ను కూడా పిలిచారు. ఇదేమిట్రా, చికెన్ ఈత కొడుతోంది అన్నాను. మూడు గ్లాసులే అత్తా, కాకి లెక్క కాదు, నూట ఎనభై అన్నాడు సింహాద్రి. నేనూ పంచె ఒక కొస పట్టుకున్నాను. తెలివితక్కువ వాళ్ళతోనైతే వాదించొచ్చు గాని, వీళ్ళతో ఎవరు వాదిస్తారు.

పాస్తా పడింది. మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి అని ఉంది. మూత బోర్లిస్తే మూత, తిరగేస్తే నీళ్ళు నిలుస్తాయి, అందుకని అదీ నా వరండాలోనే ఉంది. పైడయ్య గొడుగు విప్పి, మూతకి బదులు గుండిగ పైన దూలం కొక్కేనికి వేలాడగట్టాడు. మరి వదిలెయ్యాలి కదా. ముగ్గురూ ఇల్లు వదిలి వీధిలోకొచ్చి నిలబడ్డారు. సింహాద్రి వట్టి కాళ్ళతో, బూట్లు నా వరండాలో ఉన్నాయి మరి. ఎదురింటాయన ఏమిటి సంగతని అడిగితే, పాస్తాని వదిలేశామండి, పది నిమిషాల్లో మళ్ళీ కలుసుకుంటాం అంది గౌరమ్మ. ఆయన ఎవరో పోయారనుకుని తల దించుకుని లోపలికెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేసరికి ఏడు కావస్తోంది. గొడుగు మీంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారుతున్నాయి, పాస్తా చెరువులో చేపపిల్లల్లా తిరుగుతోంది. కాగితంలో మిగిలింది ఒక్కటే వాక్యం, అన్నిటికంటే చివర క్రీమ్ వెయ్యండి. హమ్మయ్య అనుకుని గౌరమ్మ క్రీమ్ ప్యాకెట్టు చింపి ఒంపేసింది.

ఒంపాక గుర్తొచ్చింది, ఉప్పు వెయ్యలేదని. ఉప్పు వేసింది. వేశాక సింహాద్రి కాగితం చూపించాడు. అమ్మా, ఇప్పుడు చివర పడింది ఉప్పు, క్రీమ్ కాదు. నిజమే కదా. వాడు సందు చివరి కొట్టుకి పరుగెత్తి ఇంకో క్రీమ్ తెచ్చి పోశాడు. ఈ లోగా ఆవిరి పట్టి పైడయ్య కళ్ళజోడు జారి గుండిగలో పడింది. కవ్వంతో దేవి బయటికి తీశారు గానీ, చివర పడింది కళ్ళజోడే. మళ్ళీ కొట్టుకి. మూడో క్రీమ్ పడింది. అప్పుడు చూశారు గడియారం, ఏడూ ఇరవై.

గౌరమ్మ గుండిగలోకి చూసింది. అందులో ఏముందో, అదేం వంటో ఆవిడకే తెలియలేదు. పిల్ల ఇంకాసేపట్లో వస్తుంది, ఇది చూస్తుంది, రేపు సంచీ సర్దుకుని వెళ్ళిపోతుంది. ఆవిడకి దుఃఖం ఆగలేదు. కోడలు లేని ఇంట్లో నేనుండలేను వదినా అని నా భుజం పట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, కొంత కారం వల్ల, కొంత నిజంగానే. సింహాద్రి మాత్రం గుండిగ వైపే చూస్తున్నాడు.

"అమ్మా, ఒక కన్నీటి బొట్టు అందులో పడింది" అన్నాడు.

మళ్ళీ పరుగు. కొట్లో ఉన్న ఆఖరి ప్యాకెట్లు రెండూ తెచ్చి పోశారు. ఈసారి ముగ్గురూ అందులో ఏమీ పడకుండా గుండిగకి దూరంగా, గోడకి వీపులానించి నిలబడ్డారు. అలా నిలబడి పొయ్యి ఆపడం మర్చిపోయారు. అదీ మంచిదే అయింది. నీళ్ళు ఇగిరాయి, ముక్క ఉడికింది, అయిదు ప్యాకెట్ల క్రీమ్ అంత కారాన్నీ మింగింది.

ఆ రోజు రైలు గంటన్నర ఆలస్యం, హైమ వచ్చేసరికి తొమ్మిదయింది. వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పైన గొడుగు, కింద గుండిగ, గోడకి ముగ్గురు. నేను పళ్ళేలు తేబోతే వద్దన్నారు, ఒకే గిన్నె. ఆ పిల్ల చెయ్యి కడుక్కుని గుండిగ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ముగ్గురూ ఊపిరి బిగపట్టారు. నేను కూడా.

నిజం చెప్పొద్దూ, బాగుంది. ఎలా బాగుందో దేవుడికి తెలియాలి. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగట్లేదు ఆ పిల్లకి. తింటూ తింటూ జరిగిందంతా ఒక్కొక్కటే అడిగి చెప్పించుకుంది. బూట్ల దగ్గర నవ్వింది, కుళాయి దగ్గర పొట్ట పట్టుకుంది, కన్నీటి బొట్టు దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఎడం చేత్తో ఫోను తీసి స్నేహితురాలికి గది వద్దని చెప్పేసింది.

"ఇంక నేను ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళను అత్తయ్యా" అంది.

గౌరమ్మ కోడల్ని పట్టుకుని మళ్ళీ ఏడ్చింది. గుండిగ ఖాళీ అయింది, ఏడ్చినా భయం లేదు. నేను ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను, ఆ ఇంటికి ఒక గండం గడిచిందని.

తెల్లవారి ఏడున్నరకి నా కిటికీలోంచి పిలుపు. పిన్నిగారూ, పిన్నిగారూ అని. చూద్దును కదా, హైమ ఇస్త్రీ చీర కట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని, వాళ్ళ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. వీధి తలుపుకి బయట తాళం. ఆ తాళం కింద పీట వేసుకుని గౌరమ్మ, బొడ్లో తాళంచెవి.

ఇదేం పని వదినా అన్నాను. ఎక్కడికీ వెళ్ళనని నీ ముందే కదా మాటిచ్చింది, కోడలు మాట తప్పితే ఇంటి పరువేం కాను అంది. సాయంత్రానికి వచ్చేస్తాను కదా అత్తయ్యా అని లోపల్నుంచి హైమ బతిమాలుతోంది. సాయంత్రం ఇక్కడికే వచ్చేదానివి, ఇక్కడే ఉంటే పోలేదా అని ఈవిడ సమాధానం. ఆ పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. మరి నా ఉద్యోగం అంటే, దాని గురించి బెంగ లేదమ్మా, మీ మావయ్య ఏడింటి రైలుకే వెళ్ళారు అంది గౌరమ్మ నింపాదిగా.

ఇలా వాదించుకుంటూ ఉండగానే పదయింది, హైమ ఫోను మోగింది. ఆఫీసులో పెద్ద సారు. ఎవరో పెద్దాయన పంచె కట్టుకుని వచ్చి నీ కుర్చీలో కూర్చున్నాడమ్మా, లేవమంటే లేవట్లేదు, మా కోడలి పని నేను చేస్తానంటున్నాడు, ముందున్న కాగితాలన్నీ చేత్తో ఎత్తి చూసి ఏది ఎంత బరువుందో చెప్తున్నాడు అన్నాడట. హైమ నుదురు కొట్టుకుని, ఇవాళ్టికి సెలవిప్పించండి సార్, ఆయన్ని ఇంటికి పంపెయ్యండి, మీకు పుణ్యముంటుంది అంది. ఆ సారు మంచివాడే. పైడయ్య దగ్గరకెళ్ళి, హైమకి సెలవిచ్చేశాం, మీరు ఇంటికి వెళ్ళొచ్చు అని మర్యాదగా చెప్పాడు.

"సెలవిచ్చింది హైమకి కదా బాబూ, నాకు కాదుగా" అన్నాడట పైడయ్య. సాయంత్రం అయిదింటిదాకా కుర్చీ దిగలేదు.