ఎర్రక్క తాంబూలం

ఏ రాజ్యమని అడక్కండి, వెనకటికొక దొర ఉండేవాడు. ఆయన ఎవరిదీ లాక్కోడండోయ్! కర్రలు పట్టిన భటుల్ని నిలబెట్టి, "ఇష్టంగా ఇస్తేనే పుచ్చుకుంటా" అనేవాడు. జనం పాపం ఆయన అడిగిందల్లా తాంబూలంతో సహా సమర్పించుకునేవారు.

ఒకనాడు మహారాజు విడిదికొచ్చాడు. ఆయన ముందు గొప్పలు పోదామని దొర ఊరివాళ్ళను తాంబూలాలతో వరసగా నిలబెట్టించాడు. మొదటి వంతు, ఎడ్లజత తోలుకొచ్చిన ఎర్రక్క అనే రైతుది. ఉన్న ఒక్క ఎడ్లజతా పోతే ఆమె చేను బీడే.

"ఇష్టంగానే ఇస్తున్నావుటే?" అన్నాడు దొర, మీసం దువ్వుతూ.

"ఏమో దొరా, నాకే తెలీడం లేదు. తమరితో కాదని ఇంతవరకూ ఎవరూ అన్లేదు కదా! ఒక్కసారి కాదని చూస్తాను. అయినా నా వీపు వాయకపోతే, ఆ తర్వాత నేననే ఔను నిజంగా నాదవుతుంది."

మహారాజు పకపకా నవ్వి, "అనవమ్మా, నేనున్నాగా!" అన్నాడు.

"అయితే ఇవ్వను దొరా."

దొర పళ్ళు నూరాడు గానీ, భటులు కదల్లేదు. "సరే, ఇప్పుడు ఔనను!"

"ఎందుకు దొరా? నాకిష్టం లేదని ఇప్పుడేగా తెలిసింది!"

ఎర్రక్క తన తాంబూలం తానే నోట్లో వేసుకుని ఎడ్లను ఇంటికి తోలుకుపోయింది. ఆ సాయంత్రం ఊళ్ళో ఎవరి నోరు చూసినా ఎర్రగా పండే ఉందిట!