ధవళయ్య బదులు పాలన్న గుండె

సముద్రపు గాలి తగిలే, ఉప్పు పండించే కొటార్ల పక్కన ఒక పశువుల దొడ్డి ఉండేది. ఆ దొడ్డిలో ఎద్దు ధవళయ్య మాటే మాట. ఎత్తైన మూపురం, నిగనిగలాడే తెల్లటి ఒళ్లు. ఉప్పు బండికి కట్టినా, తిరనాళ్లలో బండ లాగించినా అతనికి ఎదురు లేదు. కాడికి రెండో పక్కన నడిచే పాలన్న కూడా అచ్చం అలాగే ఉంటాడు. తేడా ఒక్కటే. పాలన్న అడిగితేనే మాట్లాడతాడు, ధవళయ్య అడగకపోయినా మాట్లాడతాడు.

ధవళయ్యకి ఉప్పంటే ప్రాణం. బండి దించగానే ఖాళీ సంచులు తిరగేసి గరగరా నాకేవాడు. పని లేని రోజున కట్టుకొయ్య దగ్గర నుంచి లేచేవాడు కాదు.

కాడి కట్టని అమావాస్య నాడు పొద్దున్నే వడ్రంగిపిట్ట మాణిక్యమ్మ దొడ్డికి వచ్చేది. ఆమెకి చూపు మందగించింది. చెవి మాత్రం గట్టిది. ఒక్కొక్కరి పక్కటెముకల మీద వాలి, ముక్కుతో తట్టి, చెవి ఆనించి, లోపల ఏం జరుగుతోందో చెప్పేది. ఒక అమావాస్య నాడు ధవళయ్య దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

"అబ్బాయ్, నీ నెత్తురు పోటు ఎక్కువగా ఉంది. ఊరికే నిలబడ్డావు కదా, గుండె మాత్రం బరువు బండి గట్టెక్కిస్తున్నట్టు కొట్టుకుంటోంది."

"నాకా? భలేదానివే పిన్నీ! నేను తలనొప్పయినా ఎరగను."

"తెలియకుండా రావడమే ఈ జబ్బు పద్ధతి. పైకి పచ్చగా ఉన్న మానుని తట్టి, లోపల డొల్ల ఉందని ఎన్నిసార్లు చెప్పలేదూ నేను? విను. రోజూ పొద్దున్నే నాలుగు రెమ్మలు చేదాకు నమలాలి. బాగున్నానని మానెయ్యకూడదు. ఉప్పు సంచుల జోలికి పోకు. పని లేనినాడు కాలవ దాకా నడిచి రా. వచ్చే అమావాస్యకి మళ్లీ వింటాను."

ధవళయ్య ముందు చూసుకున్నది తన గుండె సంగతి కాదు. పక్క పాకలో గేదె గంగమ్మ విందా లేదా అని చూశాడు. తిరనాళ్లలో బండ లాగిన ఎద్దు ఆకులు నములుతూ బతుకుతోందంటే దొడ్డంతా ఏమనుకుంటుంది?

మూడు రోజులు చేదాకు నమిలాడు. ఒంట్లో ఏ తేడా కనబడలేదు. నాలుగో రోజు నుంచి ఆ రెమ్మల్ని గడ్డి కింద తొక్కేసి సంచుల దగ్గరికి పోయాడు.

అమావాస్య రెండు రోజులుందనగా కాలవ దగ్గర గుంటనక్క నాంచారయ్య ఎదురయ్యాడు.

"ఏం మామా, మొహం అలా వేలాడేశావు?"

ధవళయ్య గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. నక్క పళ్లు ఇకిలించి నవ్వాడు.

"ఇంతేనా! ఆవిడకి కళ్లు కనబడవు. నువ్వూ పాలన్నా ఒకటే రంగు, ఒకటే కొలత. నీ చోట అతన్ని నిలబెట్టు. నువ్వు వెనక నుంచి జవాబు చెప్పు. ఉప్పు తినే నోరు కట్టుకుని బతకడమూ ఒక బతుకేనా మామా?"

ఆ మాట చెబుతూ నక్క ధవళయ్య తొడల వైపు ఒకసారి చూశాడు. ధవళయ్య గమనించలేదు.

పాలన్నని ఒప్పించడానికి ఎక్కువసేపు పట్టలేదు. "ఇది మంచిది కాదేమో అన్నా," అన్నాడు పాలన్న. "ఈ ఒక్కసారికే తమ్ముడూ, నా పరువు కాపాడు," అన్నాడు ధవళయ్య. పాలన్న తలూపాడు.

అమావాస్య నాడు మాణిక్యమ్మ పాలన్న పక్కటెముకల మీద వాలింది.

"ధవళయ్యవేనా?"

"నేనే పిన్నీ," అన్నాడు ధవళయ్య వెనక నుంచి.

ఆమె తట్టింది. చెవి ఆనించింది. మొహం వెలిగిపోయింది.

"ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో! ఓ గంగమ్మా, ఇలా రా! ఈ అబ్బాయిని చూసి నేర్చుకోండర్రా. చెప్పిన మాట విన్నాడు, నెల తిరిగేసరికి దారికొచ్చాడు!"

మాణిక్యమ్మ పక్కవాళ్ల మీదికి ఎగరగానే ధవళయ్య తన చోటికి చేరాడు. గంగమ్మ నిజంగానే వచ్చింది. ఆమెకీ మాణిక్యమ్మ ఆ చేదాకే చెప్పింది.

"ఉప్పు మీద మనసు ఎలా చంపుకున్నావు అబ్బాయ్? నావల్ల కావడం లేదు."

ధవళయ్య నాలుక మీద ఆ పొద్దుటి ఉప్పు ఇంకా చురచురలాడుతోంది. "గట్టిగా అనుకుంటే అదే పోతుంది వదినా," అన్నాడు. గంగమ్మ తలూపుతూ వెళ్లిపోయింది. ధవళయ్య చెవులు వేడెక్కాయి. ఆ రోజంతా పాలన్న వైపు చూడలేకపోయాడు.

వారం తిరక్కుండానే ఇరవై బస్తాల బండి కట్టారు. కాలవ గట్టు ఎక్కుతుండగా ధవళయ్య రొమ్ముని ఎవరో తాళ్లతో బిగించినట్టయింది. ఒళ్లంతా చల్లటి చెమట. ఊపిరి అందలేదు. ముందుకాళ్లు మడతపడ్డాయి.

అతను పడటంతో కాడి ఒరిగిపోయింది. బరువంతా పాలన్న మెడ మీదికి వచ్చింది. బండి వెనక్కి జారుతుంటే, పడిపోయిన అన్నని ఈడ్చుకుపోకుండా పాలన్న ముందుకాళ్లు నేలలోకి గుచ్చి ఆపాడు. మోకాలు ఫట్‌మంది. అయినా కాళ్లు కదపలేదు. మనుషులు పరిగెత్తుకొచ్చి కాడి విప్పేదాకా అలాగే నిలబడ్డాడు.

వాళ్లు పాలన్న కాలు చూస్తుండగా, నేల మీద పడున్న ధవళయ్యకి తుమ్మపొదలో రెండు కళ్లు కనబడ్డాయి.

"నాంచారయ్యా... పిన్నికి కబురు చెప్పు."

"ఎందుకు మామా?" అన్నాడు నక్క మూతి నాక్కుంటూ. "తొందరేం లేదు. నేనిక్కడే కూర్చుంటాను."

అప్పుడు అర్థమైంది ధవళయ్యకి.

కబురు లేకుండానే, కాడి ఒరిగిన చప్పుడు విని మాణిక్యమ్మ వచ్చింది. ఏవో ఆకులు నమిలించింది, మనుషులు అతన్ని బండి మీద దొడ్డికి చేర్చేదాకా పక్కనే ఉంది. ధవళయ్య బతికాడు. పాలన్న మోకాలికి కట్టు కట్టారు. ఆ కాలు మళ్లీ ముందులా వంగదన్నారు.

ఐదో రోజున దొడ్డిలో అందరూ చేరారు. నక్క కంచె అవతల నుంచి మొదలుపెట్టాడు.

"మొన్న అమావాస్యకి బాగున్నాడని చెప్పింది ఈవిడే కదా! చెవుడొచ్చిన పిట్టకి వైద్యం ఎందుకు?"

గొర్రెలు గుసగుసలాడాయి. "నేను రేపటి నుంచి ఆకు నమలను," అంది గంగమ్మ. మాణిక్యమ్మ దూలం మీద ముడుచుకుని కూర్చుంది.

"నాంచారయ్య అన్నది నిజమే," అందామె మెల్లగా. "ఆ రోజు నేను విన్న గుండె పడిపోయే గుండె కాదు. నా చెవి పోయింది. ఇంకెవరి ప్రాణం మీదికి తేకముందే మానేస్తాను."

పాలన్న నోరు తెరవబోయి, అన్న మొహం చూసి ఆగిపోయాడు. అందరూ ఎగతాళి చేసినా ధవళయ్య ఓర్చుకునేవాడేమో, ఇది ఓర్చుకోలేకపోయాడు. కాలు పోగొట్టుకుని కూడా తన పరువు కాపాడాలని చూస్తున్నాడు వీడు! ధవళయ్య లేచాడు. తల ఎత్తలేకపోయాడు. నేలకేసి చూస్తూనే చెప్పాడు.

"పిన్నీ, నీ చెవి పోలేదు. ఆ రోజు నువ్వు విన్నది పాలన్న గుండె. వాణ్ణి నా చోట నిలబెట్టి, వెనక నుంచి పలికింది నేను. నువ్వు చెప్పిన ఆకు ఆ గడ్డి కింద ఉంది. గంగమ్మ వదినా, నేను ఉప్పు ఒక్కరోజూ మానలేదు. నీకు అబద్ధం చెప్పాను."

గంగమ్మ వెళ్లి మూతితో గడ్డి తొలగించింది. ఎండిన రెమ్మలు గుట్టగా బయటపడ్డాయి. అందరూ ఆ గుట్ట చుట్టూ చేరారు. ఎవరైనా తిడితే బాగుండునని అనిపించింది ధవళయ్యకి.

"పాలన్నా, నువ్వెందుకు ఒప్పుకున్నావు నాయనా?" అని అడిగింది మాణిక్యమ్మ.

"అన్న అడిగాడు పిన్నీ."

ఆ మాటకి ధవళయ్య కళ్ల నుంచి నీళ్లు కారాయి. నక్క కంచె దగ్గర నుంచి జారుకోబోతే గొర్రెపోతులు కొమ్ములు చూపించి కాలవ దాకా తరిమాయి.

మాణిక్యమ్మ దూలం మీద నుంచి దిగి ధవళయ్య పక్కటెముకల మీద వాలింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. తట్టింది, చాలాసేపు విన్నది.

"బండ లాగుడు ఇక లేదు. తేలిక బండి కూడా నేను సరే అన్నాకే. రేపటి నుంచి ఆకు నా ముందే నమలాలి."

"నీ ముందే కాదు పిన్నీ. అందరి ముందూ నములుతాను."

మర్నాడు పొద్దున దొడ్డి మధ్యలో, అందరూ చూస్తుండగా ధవళయ్య నాలుగు రెమ్మలూ నమిలాడు. చేదుకి మొహం ముడుచుకుంది, సిగ్గుకి మెడ వాలింది. తర్వాత పాలన్న పక్కన చేరి, వాడి కుంటికాలు ఎంత మెల్లగా పడితే అంత మెల్లగా, కాలవ వైపు నడక మొదలుపెట్టాడు.

పరువు కోసం జబ్బు దాచుకుంటే, దాని బరువు పడేది మనల్ని నమ్మినవాళ్ల మెడ మీదే.