ప్రెగడవారి నిశ్చితాభిప్రాయం

సముద్రానికి మూడు రోజుల నడక దూరంలో కుందవరమని ఒకానొక రాజ్యం ఉండేది. రణమల్ల భూపాలుడు దాని రాజు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, తన మాటకు ఎదురు మాట విని ఎరగడు. ఆ రాజ్యంలో ఏడు నాడులు, అంటే సీమలు. ఒక్కో నాడు తరపున ఒక్కో సభాసదుడు రాజసభలో కూర్చునేవాడు. యుద్ధమా సంధియా, ఏ సరుకు రానివ్వాలి, ఏది ఆపాలి, ఇలాంటి రాజ్యం మొత్తానికి సంబంధించిన సంగతులు వచ్చినప్పుడు ఏడుగురూ తలా ఒక మాట చెప్పాలి. అందరివీ విని రాజు తీర్పు చెప్పాలి. అదీ పద్ధతి.

ఆ మాటలన్నీ తాటాకుల మీదికి ఎక్కించే పని రాయసం ఓబళయ్యది. పన్నెండేళ్ళుగా గంటం పట్టీ పట్టీ అతని వేలి మీద శనగగింజంత కాయ కాసింది. ఆ కాయ తనకు రాలేదనీ, అది తూర్పునాడు సభాసదుడు గంభీరయ్య ప్రెగడ ఇచ్చిన కానుకనీ ఓబళయ్య ఇంట్లో విసుక్కునేవాడు.

విసుక్కోడూ మరి! తక్కిన ఆరుగురూ నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చునేవారు. గంభీరయ్య ప్రెగడ లేచాడంటే ఉత్తరీయం సర్దుకోవడానికే పావుగంట. ఆ పైన మూడుసార్లు గొంతు సవరించుకుని, "నా నిశ్చితాభిప్రాయం ఏమనగా..." అని మొదలుపెట్టేవాడు. ఇక రెండు ఘడియల పాటు ఆపేవాడు కాదు. మధ్యలో ఆగి, "రాశావటోయ్ రాయసం? ఒక్క అక్షరం పోకూడదు సుమా, ముందు తరాలకు పనికొస్తుంది" అని హెచ్చరిక కూడానూ.

రాయడం కష్టమే. అంతకన్నా కష్టం, రాసింది గుర్తుండిపోవడం. ఉగాదినాడు చెప్పిన నిశ్చితాభిప్రాయం దసరానాటికి తలకిందులయ్యేది. మొదట్లో తానే తప్పు విన్నాననుకుని ఓబళయ్య పాత ఆకులు తిరగేసుకునేవాడు. తర్వాత అతనికి కిటుకు తెలిసిపోయింది. ప్రెగడవారు మాట్లాడేముందు రాజుగారి మొహం వైపు ఓసారి చూస్తారు. రాజుగారి మీసం ఎటు వంగితే మాట అటు వంగుతుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. తూర్పునాట పదకొండు ఊళ్ళ పొలాలు నెర్రెలు విచ్చాయి. పైన ఏటికి తూము కట్టి కాలువ తవ్వితే ఆ ఊళ్ళకు నీళ్ళు వస్తాయి. కాకపోతే ఆ కాలువ రాజుగారి వేటతోట నడిమధ్య నుంచి పోవాలి. అదీ చిక్కు. ఈ సంగతి సభ ముందుకు నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ ప్రెగడవారికి సరిగ్గా ఆ పూటే కడుపునొప్పి వచ్చింది. సంగతి ఏ నాడుదైతే ఆ నాడు సభాసదుడు నోరు విప్పనిదే తీర్పు చెప్పకూడదని నియమం. పని ఆగిపోయింది.

ఇలా ఉండగా ఒకరోజు గంభీరయ్య ప్రెగడ సభలో లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, పన్నెండేళ్ళుగా రాజ్యసేవ చేస్తున్నాను. ప్రతి విషయంలోనూ నేను తీసుకున్న పక్షమేమిటో ఒక శిలమీద చెక్కించి సభామంటపం ముందు నిలబెట్టిస్తే, రేపటివాళ్ళు చూసి నేర్చుకుంటారు."

రాజు ఆ రోజు మంచి ఊపులో ఉన్నాడు. "అలాగే కానివ్వండి. ఓబళయ్యా, వారం రోజుల్లో శాసనం పాఠం సిద్ధం చెయ్యి" అన్నాడు.

"అందులో ఒక్క మాట తేడా వచ్చినా ఈ రాయసాన్ని ఊళ్ళో ఉంచకూడదు ప్రభూ" అన్నాడు ప్రెగడ.

"సరే, ఉంచం" అన్నాడు రాజు.

ఓబళయ్య నలభైఒక్క కట్టలు ముందేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాడు. ఒక పక్షం రాస్తే, తానలా అనలేదంటాడు ప్రెగడ. రెండో పక్షం రాస్తే, అదీ అనలేదంటాడు. రెండూ రాస్తే రాయి వెక్కిరింపుగా ఉంటుంది. ఎటు రాసినా పెట్టేబేడా సర్దుకోవాల్సింది తనే. ఆ చికాకులో ఉండగా గుమ్మంలో ఎవరో దగ్గారు. తూర్పునాడు రైతుపెద్ద పోలినాయుడు.

"అయ్యా, రాయసంగారూ, మా తూము సంగతి ఈసారైనా తేలుతుందా?"

"మీ సభాసదుణ్ణే అడగవయ్యా!" అని కసిరాడు ఓబళయ్య.

"అడిగానండీ. 'నేను మీ పక్షమే నాయుడూ' అన్నారు. నిరుడూ అదే అన్నారు. బయటికొచ్చాక వేటతోట అధికారి ఎదురైతే, 'నేను మీ పక్షమే' అని ఆయనతోనూ అన్నారు. నేనక్కడే ఉన్నాను." నాయుడు అరుగు మీద కూలబడ్డాడు. "ఆయన ఏ పక్షమో మాకు చెప్పక్కర్లేదు. ఒక్కసారి సభలో నోరు తెరిచి ఏదో ఒకటి చెబితే చాలు. కాదంటే కాదనుకుని మేం వేరే సీమ చూసుకుంటాం. పశువులు నిలబడలేకపోతున్నాయి."

ఓబళయ్య కసిరినందుకు సిగ్గుపడ్డాడు. లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. నాయుడు తాగుతున్నంతసేపూ తాను కట్టల వంక చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఎల్లుండి సభకు రా. వెనక నిలబడు" అన్నాడు.

గడువు రోజు సభ నిండుగా ఉంది. గంభీరయ్య ప్రెగడ కొత్త ఉత్తరీయం వేసుకొచ్చాడు. ఓబళయ్య ఆరు ఆకులు చేతబట్టుకుని లేచాడు.

"ప్రభూ, రాయి చిన్నది, మాటలు కొండంత. మచ్చుకు మూడు సంగతులు ఎంచాను. ఒక్కో సంగతి మీద ఈ సభలో రెండు వైపులా మాటలు పడ్డాయి. ఏ మాట రాతికెక్కాలో నాలాటివాడు తేల్చలేడు. పేర్లు చదవకుండా మాటలే చదువుతాను. ఏది చెక్కదగ్గదో, ఏది పారేయదగ్గదో ప్రెగడవారే సెలవివ్వాలి."

"ఇన్నాళ్ళకు బుద్ధిగల మాట అన్నావు, చదువు" అన్నాడు ప్రెగడ, మీసం దువ్వుకుంటూ.

"మాళవగిరి వాళ్ళతో సరిహద్దు తగువు. ఒక ఆకులో, 'వాళ్ళకు కత్తితోనే బుద్ధి చెప్పాలి, సంధి మాట ఎత్తినవాడు పిరికిపంద' అని ఉంది. ఇంకో ఆకులో, 'యుద్ధమంటే మన పొలాల్లో మన బిడ్డల శవాలు, కత్తి తీయమన్నవాడు మూర్ఖుడు' అని ఉంది."

ప్రెగడ రాజు వైపు చూశాడు. మాళవగిరి రాజు పంపిన మామిడిపళ్ళ బుట్టలు వారం కిందటే వచ్చాయి. రాజు ముఖం ప్రసన్నంగా ఉంది.

"రెండోదే! అది నా మాటే, నాకు గుర్తుంది. మొదటిది అన్నవాడెవడో గానీ, వాణ్ణి సభలో కూర్చోబెట్టడమే తప్పు."

"చిత్తం. రెండోది ఊరూరా బడుల సంగతి. 'ప్రతి ఊరికీ ఒక బడి ఉండాలి' అని ఒక ఆకు. 'రైతు పిల్లలకు అక్షరాలెందుకు, నాగలి ఎవరు పడతారు' అని ఇంకో ఆకు."

రాజు కిందటి నెలలోనే ఒక బడికి తన చేత్తో పునాదిరాయి వేశాడు.

"బడి కావాలన్నదే నా మాట! రెండోది అన్నవాడు గొడ్డుతో సమానం."

"చిత్తం. మూడోది పరదేశపు బట్ట. 'రేవులోనే ఆపాలి, లేకుంటే మన సాలెవాళ్ళ మగ్గాలు మూలపడతాయి' అని ఒకరు. 'రానివ్వాలి, పోటీ ఉంటేనే మన నేత బాగుపడుతుంది' అని ఒకరు."

రాజు భుజం మీద పరదేశపు శాలువా మెరుస్తోంది. ప్రెగడ దాన్ని చూసి గొంతు సవరించుకున్నాడు.

"రానివ్వాలన్నదే నా నిశ్చితాభిప్రాయం. మగ్గాల పేరు చెప్పి ఏడ్చిన ఆ పెద్దమనిషిని గాడిదనెక్కించి ఊరేగించాలి!"

సభ గొల్లుమంది. రాజు కూడా నవ్వి, "బాగుంది. ఇప్పుడు పేర్లు చదువు ఓబళయ్యా. ఆ మూర్ఖుడూ, ఆ గొడ్డూ, గాడిద ఎక్కవలసినవాడూ ఎవరో చూద్దాం" అన్నాడు.

ఓబళయ్య చదవలేదు. ఆరు ఆకులూ తీసుకెళ్ళి రాజు చేతిలో పెట్టాడు. సభలో మాట్లాడినవాడు మర్నాడు ఆకు చివర తన చేవ్రాలు పెట్టాలి. ప్రెగడవారు చదవకుండానే పెట్టేవారు. ఆరు ఆకుల చివరా ఒకటే చేవ్రాలు, పెద్ద తోకతో.

రాజు ఒక్కో ఆకూ తిప్పి చూశాడు. ఆకుల్ని గంభీరయ్య ప్రెగడకు అందించాడు. ప్రెగడ తన చేవ్రాలు తానే ఆరుసార్లు చూసుకున్నాడు.

అయినా తగ్గలేదు. "బుద్ధిమంతుడు అభిప్రాయం మార్చుకోకూడదా ప్రభూ? అది నేరమా?"

"నేరం కాదు ప్రెగడవారూ" అన్నాడు ఓబళయ్య. విసుగంతా గొంతులోకి వచ్చేసింది. "మార్చుకోవడం మంచిదే. నేనూ ఎన్నోసార్లు మార్చుకున్నాను. కానీ ఎందుకు మారారో ఎక్కడైనా ఒక్క ముక్క చెప్పారేమోనని నాలుగు రోజులు నలభైఒక్క కట్టలు వెతికాను. కళ్ళు కాయలు కాశాయి. ఉంటే ఇప్పుడు చెప్పండి, మాళవగిరితో సంధి ఎందుకు మంచిదనిపించింది? ఆ కారణమే బంగారంలా చెక్కిస్తాను."

 ప్రెగడ ఉక్రోషంతో అనేశాడు. "నేనొక్కణ్ణేనా? అందరం ప్రభువుల ముఖం చూసే మాట్లాడతాం! ఎవరు చూడరో చెప్పమనండి!"

తక్కిన ఆరుగురూ పైకప్పు చెక్కడాలు పరిశీలించసాగారు.

  ప్రెగడను పట్టబోతే రాజుగారే చిక్కుకున్నారు. ఓబళయ్యకు ఊరు విడిచే యోగమే ఉన్నట్టు తోచింది.

రాజు మెల్లగా అడిగాడు. "అయితే ఓబళయ్యా, పన్నెండేళ్ళుగా ఈ సభలో నేను విన్నదేమిటి?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు ఓబళయ్య.

"మీ మాటే ప్రభూ. కాస్త గట్టిగా."

రాజు ఒక క్షణం అతని వంకే చూశాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ శాలువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం కావాలో కోరుకో."

"నాకేమీ వద్దు ప్రభూ. తూము సంగతి ఈ పూటే తేల్చండి. ఏలినవారు తెర వెనక కూర్చోండి. అందరూ చెప్పాక చివర మీరు మాట్లాడండి."

వెంటనే తెర కట్టారు. రాజు దాని వెనక్కి వెళ్ళాడు. ఈ పూట కడుపునొప్పికి సెలవు లేదని లోపలి నుంచే చెప్పాడు.

గంభీరయ్య ప్రెగడ లేచి అలవాటు కొద్దీ సింహాసనం వైపు చూశాడు. అక్కడ ఎర్రటి తెర గుడ్డ తప్ప ఏమీ లేదు. వెనక్కి చూశాడు. పోలినాయుడు తలపాగా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రెగడ ఉత్తరీయం సర్దుకోలేదు. నిశ్చితాభిప్రాయమూ అనలేదు.

"తూము కట్టాలి" అన్నాడు.

"కారణం?" అన్నాడు ఓబళయ్య, గంటం ఎత్తి.

"కారణమేముందయ్యా! అక్కడ మా అమ్మ పుట్టింటివాళ్ళిచ్చిన నాలుగు చేలు నావి కూడా మాడిపోతున్నాయి. పోయిన వారం చూసొచ్చాను. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను."

తెర వెనక మళ్ళీ నవ్వు వినిపించింది, ఈసారి మెత్తగా. "పన్నెండేళ్ళకు ఒక నిజమైన కారణం విన్నాను. రాసుకో ఓబళయ్యా" అన్నాడు రాజు. తక్కిన ఆరుగురిలో నలుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. అందరూ ఒకే మాట అనకపోవడం ఆ సభలో అదే మొదలు. చివర తెర తొలగించి రాజు, వేటతోటలో చెట్లు కొట్టి కాలువకు దారి ఇమ్మన్నాడు. పోలినాయుడు పట్టుకున్న తలపాగా నేల మీద పడిపోయినా గమనించలేదు.

రాజు ఓబళయ్యను పిలిచి తన శాలువా తీసి కప్పాడు. "వద్దన్నా ఇంకో బహుమానం ఉంది. ఇకమీదట పక్షానికొకసారి నీ ఆకుల గది అందరికీ తెరిచి ఉంటుంది. ఏ సభాసదుడు ఏ సంగతి మీద ఏమన్నాడో ఎవరడిగినా చదివి వినిపించాలి. ఆ అధికారం నీదే!"

ఓబళయ్య కళ్ళముందు రాజ్యంలోని ఏడు నాడుల జనమూ ఒక్కసారి కనిపించారు.

"దీన్ని బహుమానం అంటారా ప్రభూ?" అన్నాడు నీరసంగా.

రాజు నవ్వు వీధి దాకా వినిపించిందట. మొదటి పక్షం రోజు తెల్లారి ఓబళయ్య గది తలుపు తీసేసరికి జనం ఇంకా ఎవరూ రాలేదు. గుమ్మం ముందు మాత్రం ఏడుగురు సభాసదులూ వరసగా నిలబడి ఉన్నారు. తామేమన్నారో ముందుగా ఒకసారి తెలుసుకుని పోదామని.