పిల్లి ముందు తాగిన చారు

అనగనగా ఏడు సముద్రాల అవతల, రోము అనే ఊళ్ళో, ఫెలిక్సు అని మట్టి ప్రమిదలు చేసేవాడొకడు ఉండేవాడు. నా అన్నవాళ్ళెవరూ లేరు పాపం. ఉన్నదల్లా ఒక పిల్లి, బోలెడంత అనుమానం. పాలవాడు నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని. అదీ వాడి వరస, బంగారూ!

ఆ ఊళ్ళో ఇద్దరు స్నేహం కలిపితే, ఒక మట్టిబిళ్ళని రెండు ముక్కలుగా విరిచి చెరొకటీ దాచుకునేవాళ్ళు. ఒకరోజు రూఫసు అనే తేనె అమ్మేవాడు వచ్చి, ప్రమిదలు చూసి ముచ్చటపడ్డాడు. రెండు మంచి మాటలన్నాడు. అంతే, ఫెలిక్సు వెనకాముందూ చూడకుండా బిళ్ళ విరిచేశాడు. వాడటు వెళ్ళాక మొదలైంది గుబులు. "నాతో వీడికేం పని?"

అప్పుడు ఫెలిక్సు తన నూనెజాడీ మూతికి మైనం ముద్ర వేసి, "పొరుగూరు వెళ్తున్నా, దాచిపెట్టరా" అని రూఫసుకిచ్చాడు. తిరిగొచ్చి చూస్తే ముద్ర చెక్కుచెదరలేదు. "తేనెపట్లవాడికి మైనానికేం కరువు? తీసి మళ్ళీ వేసుంటాడు" అనుకున్నాడు.

ఆ తర్వాత ఒక అబద్ధపు రహస్యం చెప్పాడు. "ఎవరితో అనకు, నేను మా ఊర్నించి పారిపోయి వచ్చినవాణ్ణి." నెల గడిచినా ఊళ్ళో ఎవరూ ఆ మాటెత్తలేదు. "ఎప్పటికో పనికొస్తుందని దాచుకుంటున్నాడు" అనుకున్నాడు.

ఆ తర్వాత జ్వరమని దుప్పటి కప్పుకుని మూలిగాడు. రూఫసు బేరాలు మానుకుని, శనగల చారు కాచి, మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగున తెచ్చాడు. మంచినీళ్ళకని పెరట్లోకి వెళ్ళాడు. ఫెలిక్సు చటుక్కున లేచి, గిన్నె పిల్లి ముందు పెట్టాడు. తాగిన పిల్లి ఏమవుతుందోనని కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

తలెత్తితే గుమ్మంలో రూఫసు, చేతిలో చెంబు. మొలలోంచి తన బిళ్ళముక్క తీసి, గట్టుమీద పెట్టి వెళ్ళిపోయాడు. పిల్లి నిక్షేపంలా మూతి నాక్కుంటోంది.

ఫెలిక్సుకి ఉన్న ఒక్కడూ పోయాడు మరి! అప్పుడు వీధి చివర మంచీచెడ్డా చెప్పే ముసలి పంతులు దగ్గరికి పరిగెత్తి, జరిగిందంతా చెప్పాడు. "అయ్యా, స్నేహితుడు మంచివాడో కాదో తెలిసేదెలాగండీ?"

"అది బిళ్ళ విరవకముందు అడగాల్సిన మాట నాయనా! అప్పుడు ఏడాదైనా ఆలోచించు, నూరు అనుమానాలైనా పడు. విరిచాక మాత్రం నమ్మాలి. నువ్వు తలకిందులుగా చేశావు. రోజూ దొంగని చూసినట్టు చూస్తే, మంచివాడికైనా మనసు విరిగిపోతుంది."

ఫెలిక్సు ఇంటికొచ్చి, చల్లారిన చారంతా తాగేశాడు. అవునమ్మా, పిల్లి ఎంగిలే! ఆ తర్వాత ఖాళీ గిన్నె, రెండు ముక్కలూ పట్టుకుని రూఫసు ఇంటికెళ్ళాడు.

"జ్వరం అబద్ధంరా, రహస్యమూ అబద్ధమే. చారు మాత్రం బాగుంది" అన్నాడు, తలొంచుకుని.

రూఫసు పొయ్యిమీద మరుగుతున్న చారు గిన్నెనిండా పోసి ముందుకి తోశాడు. ఫెలిక్సు ఈసారి అటూ ఇటూ చూడలేదు, గటగటా తాగాడు. నాలుక చుర్రుమంది. కళ్ళంట బొటబొటా నీళ్ళు.

"ఊదుకుని తాగరా, పిచ్చి సన్నాసీ!" అన్నాడు రూఫసు. అని, బిళ్ళముక్క ఒకటి తీసుకుని మళ్ళీ మొలలో దోపుకున్నాడు.

కథ కంచికి చేరె,
చారు కడుపులో చేరె,
అనుమానం అటకెక్కె,
నా బంగారు మంచమెక్కె!